నబీ రసూల్ వెంట వచ్చిన చీమలు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో దర్జీ నబీ రసూల్‌కు పొద్దున లేస్తే ఒకచోట కాలు నిలవదు. మిషను ముందు కూర్చుంటాడు, లేస్తాడు, పోస్టుమాను వచ్చాడేమోనని వాకిట్లోకి పోతాడు, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. ఆయన వెంట చీమలబారు కూడా వాకిటిదాకా పోయి, తిరిగొచ్చి మిషను కింద సర్దుకుంటుంది. బర్మా యుద్ధం నుంచి వచ్చిన రోజే అవి ఆయనతోపాటు బస్సు దిగాయి. చక్కెర జబ్బు మనిషి వెంట చీమలు కాక ఏముంటాయని వీధివాళ్ళు వాటిని తొక్కకుండా దాటిపోతారు.

ఆ జబ్బే ఇప్పుడు కళ్ళకు ఎక్కింది. సూదిలో దారం పెట్టడం భార్య ఖమ్రున్నీసా పనైంది. ఒక ఆసామి చొక్కాకు చేతులు తిరగేసి కుట్టాక, గుడ్డ ఇచ్చేవాళ్ళే కరువయ్యారు. చూపు పోయిన సిపాయికి సర్కారు ఇచ్చే పింఛనొక్కటే ఇక దిక్కు.

నిరుడే దాన్ని చెడగొట్టుకున్నాడు. డాక్టరు గోడమీది అక్షరాలు చదవమంటే, కనపడదని చెప్పడానికి సిపాయికి నోరు రాలేదు. ముందువాడు చదివింది విని మొత్తం ఒప్పజెప్పి సెల్యూట్ కొట్టాడు. చూపు భేషుగ్గా ఉందని రాసి పంపారు. పైగా ఆఫీసరు ముందు మర్యాద కాదని ఆ రోజు చీమలను డబ్బాలో మూసి పోయాడు.

ఎట్టకేలకు జమ్మలమడుగు రమ్మని రెండో పిలుపు వచ్చింది. అదే ఆఖరు. ఈసారి ఖమ్రున్నీసా డబ్బా దాచేసింది. బస్సులో కండక్టరు చీమలకు టికెట్ కొట్టలేదు.

"సిపాయినని బిగుసుకోవాకు. ఉన్నది ఉన్నట్టు చెప్పు," అంది ఖమ్రున్నీసా ఆస్పత్రి గుమ్మం దగ్గర.

ఈసారి డాక్టరు మిలిటరీలో చేసిన ముసలాయన. "కనపడదు సార్. నిరుడు గూడా కనపడల్యా. అబద్ధం చెప్పినా," అన్నాడు నబీ రసూల్ సిగ్గుతో.

డాక్టరు దీపం వేసి చాలాసేపు చూశాడు. చూపు పోయిన మాట నిజమే, కానీ జబ్బు పటాలంలోనే మొదలైందనడానికి కాగితం కావాలన్నాడు. ఆస్పత్రి గుడారంతోపాటు కాగితాలన్నీ బర్మా వరదలో పోయాయి. డాక్టరు బాధగానే ఫైలు మూశాడు.

నబీ రసూల్ సెల్యూట్ కొట్టి వెనుదిరిగాడు. చీమలూ తిరిగాయి. అప్పుడు చూశాడు డాక్టరు, మూడేసి చొప్పున, అడుగు తప్పకుండా నడుస్తున్నాయి. ఆయన కుర్చీలోంచి లేచి పాత గొంతుతో అరిచాడు.

"స్క్వాడ్, హాల్ట్!"

మనిషి ఆగాడు. చీమలూ ఆగాయి. ఒక్కటి కూడా ముందుకు పోలేదు.

"వీటికి కవాతు ఎవరు నేర్పారు?"

"మా హవల్దారు సార్. రోజూ నా యెనకాల్నే నిలబడి నేర్చుకున్యాయి."

డాక్టరు కూర్చుని ఫైలు తెరిచాడు. చీమలు పట్టింది పటాలంలోనే గనక జబ్బూ సర్వీసులోనే మొదలైందని రాసి, రాసింది పైకి చదివాడు.

బయట టీ అంగట్లో నబీ రసూల్ తన వంతు చక్కెర చీమలకు పెట్టించాడు.

"తింటాండాయా?"

"లేదు," అంది ఖమ్రున్నీసా. "వరసలో నిలబడి నీ పక్కే చూస్తాండాయి."

ఆయన కళ్ళు తుడుచుకుని, "స్టాండ్ ఈజీ," అన్నాడు మెల్లగా. బారు చెదిరి చక్కెర మీదికి పోయింది. నబీ రసూల్ కూడా బెంచీ మీద కూర్చున్నాడు. టీ అయిపోయేదాకా మళ్ళీ లేవలేదు.