వరసలో నిలిచిపోయిన మాట

నేను ఒక ఇంటర్నెట్ పెట్టెను. చీరాలలో కోమలి వాళ్ళింట్లో నన్ను వైఫై డబ్బా అనేవారు. ఇప్పుడు ఏమీ అనడం లేదు. బీరువా మీద, తెగిన చెప్పులూ కాలిపోయిన మిక్సీ మోటారూ ఉన్న అట్టపెట్టెలో పడుకుని, పాత సామానువాడి కేక కోసం ఎదురుచూస్తున్నాను.

పుట్టిననాడు నాకున్న గొప్ప ఇంతా అంతా కాదు. ఫ్యాక్టరీలో నా గుండా బోలెడు బొమ్మలు, మాటలు పంపి చూశారు. ఇంటర్నెట్‌లో ఏదీ ఒకే ముద్దగా పోదు, చిన్న చిన్న ముక్కలై పోతుంది. దారి ఇరుకైనప్పుడు ఆ ముక్కల్ని నాలోపల వరసగా నిలబెట్టి, ఒక్కొక్కటే వదలడం నా పని. కొంచెం చోటుంటే చాలును. నన్ను చేసినవాళ్ళు గాదె అంత చోటు పెట్టారు. "ఒక్క ముక్క కూడా పోనివ్వలేదు!" అని భుజాలు చరుచుకుని, నా డబ్బా మీద 'అతి పెద్ద మెమరీ' అని ఎర్రక్షరాలు వేశారు. లోపల నిలబడ్డ ముక్క ఎంతసేపు నిలబడిందని ఎవరూ అడగలేదు.

కేబుల్ బాజీ నన్ను తెచ్చి కోమలి ఇంటి గోడకు బిగించాడు. ముందు గదిలో ఆమె భర్త ఆంజనేయులు పెళ్ళి వీడియోల స్టూడియో. పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని, పెళ్ళిళ్ళన్నీ విజయవాడ ఆల్బమ్ వాళ్ళకు పంపేవాడు. వెనక గదిలో నాలుగేళ్ళ లిఖిత. పుట్టుకతో వినికిడి తక్కువ. రెండు చెవులకూ మిషన్లు పెట్టించారు. మాటలు నేర్పే సుధీర మేడమ్ గుంటూరు నుంచి అదే వేళకు వీడియోలో పాఠం చెప్పేది. ఆమె దగ్గర సీటు దొరకడమే కష్టం. పిల్ల ముందుకు పోకపోతే ఆ సీటు ఇంకో పిల్లకు పోతుంది.

మేడమ్ బంతి చూపించేది. లిఖిత వెంటనే "బంతి" అనేది. ఆ మాట నా దగ్గరికి వచ్చేసరికి ముందు ఆంజనేయులు పంపిన పెళ్ళి మొత్తం నిలబడి ఉండేది: మంగళస్నానాలు, తలంబ్రాలు, వియ్యంకుల విందు. పసిపిల్ల మాట వాటన్నిటి వెనకాల. నేనే గనక ఆ పెళ్ళిలో ఒకటి రెండు ముక్కలు జారవిడిస్తే, దారి ఇరుకని తెలుసుకుని కంప్యూటర్ తన జోరు తగ్గించుకునేది. నేను జారవిడవను కదా! అది తోస్తూనే ఉండేది, నేను నింపుకుంటూనే ఉండేదాన్ని.

అవతల మేడమ్ కాసేపు చూసి, జవాబు రాలేదనుకుని పిల్లి బొమ్మ తీసేది. అప్పటికి చేరేది 'బంతి'.

"కాదమ్మా, అది కాదు. సరిగ్గా చూడు."

ఇవతల లిఖిత "పిల్లి" అని చెప్పి కూర్చుని ఉండేది. మేడమ్ కాదనేసరికి తల్లి ముఖంలోకి చూసేది. పదో తరగతి మధ్యలో పెళ్ళి చేసి పంపిన పిల్ల కోమలి, పెద్ద చదువులు చదివిన మేడమ్ తప్పంటే తప్పేననుకుంది. బిడ్డ మాట తల్లిని గనక తనకు తెలుస్తోంది, బయటివాళ్ళకు తెలియడం లేదు, అంతే అనుకుంది.

"గట్టిగా చెప్పవే! మేడమ్‌కి ఇనపడొద్దా?" అంటూ బల్ల కింద నుంచి పిల్ల తొడ గిల్లేది. లిఖిత ఏడుస్తూ మళ్ళీ "పిల్లి" అనేది. ఆ ఏడుపు కూడా నా దగ్గరే వరసలో నిలబడేది.

బాజీని పిలిస్తే వచ్చి ఫోన్లో స్పీడు చూపించాడు. "గుర్రంలా పరిగెడతంది గదా చెల్లెమ్మా! పిల్లకే కాస్త ఓపిగ్గా నేర్పుకోవాల." వేగం వేరు, ఆలస్యం వేరు అని అతనికీ ఎవరూ చెప్పలేదు పాపం.

వాన పడుతున్న ఒక పొద్దున మేడమ్ పాఠం మధ్యలోనే మామూలు ఫోన్‌కు కాల్ చేసింది. వీడియో కట్టేయలేదు. "కోమలీ, బాధపడకు. నేను ఒకటి చూపిస్తే లిఖిత ఇంకొకటి చెబుతోంది. వచ్చే నెల నుంచి ఈ సీటు వేరే పాపకు..."

పక్కన లిఖిత, తెర మీద నిలిచి ఉన్న బొమ్మను చూసి, తనంతట తనే "గొడుగు" అంది. కోమలి కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుంది. అప్పుడు ఆమె చెవి దగ్గరున్న ఫోన్లోంచి, మేడమ్ గదిలోంచి, చిన్నగా వినిపించింది: "గొడుగు."

"మేడమ్! ఇప్పుడక్కడ మాట్లాడిందెవరు?"

"లిఖితే. నా కంప్యూటర్లోంచి. ఏం?"

"అది ఎప్పుడో చెప్పింది మేడమ్! నేను ముక్కు చీదుకోకముందే చెప్పింది!"

అదే తీగ మీద భర్త పంపే పెళ్ళి కూడా పోతోందని తట్టి, ముందు గదిలోకి పరుగెత్తింది. "ఏవండీ, ఆ పంపేదాన్ని ఆపండి!"

"ఏందే? రిసెప్షన్ సగంలో ఉంది."

"ఆపమంటున్నానా!"

ఆపాడు. నా వరస ఖాళీ అయింది. మేడమ్ ఇంకో బొమ్మ చూపించింది. లిఖిత "కాకి" అంది, ఫోన్లోంచి వెంటనే "కాకి" వచ్చింది. అటు మేడమ్, "సీటు వేరే పాపకన్న మాట మరిచిపో" అంది.

ఆ వారమే కేబుల్ వాళ్ళ మీటింగుకు నన్ను తయారుచేసిన కంపెనీ ఇంజనీరు కార్తికేయ వచ్చాడు. మాట ఎక్కడ ఆగిపోతోందో అడుగుదామని కోమలి నన్ను గుడ్డసంచిలో వేసుకుని వెళ్ళింది.

"ఒక్క ముక్కా పోదమ్మా ఇందులో" అన్నాడతను నవ్వుతూ.

"పోతేనే బాగుండు సార్. పోకుండా దాచి దాచి మా పిల్లని మొద్దుని చేసింది."

బాజీ ఆఫీసులో నన్ను తగిలించారు. వెంట వచ్చిన ఆంజనేయులు అక్కడి నుంచే ఒక పెళ్ళి పంపడం మొదలెట్టాడు. కార్తికేయ ఒక గదిలో వీడియోలో "హలో" అన్నాడు. పక్క గదిలోకి నడిచి వెళ్ళి, అప్పుడు చేరిన తన గొంతు తానే విన్నాడు. మళ్ళీ అన్నాడు, మళ్ళీ విన్నాడు. నవ్వు పోయింది.

"డబ్బా మీద మెమరీ పెద్దదుంటేనే మీరు కొంటున్నారు బాజీ గారూ. అందుకే పెంచుకుంటూ పోయాం."

"మీరు వేశారని మేం కొన్నాం సార్. మాకేం తెల్సు?"

కొత్త పెట్టెలు చిన్న వరసతో, మాటలకు ముందు దారి ఇచ్చేలా చేయిస్తానని అతను చెప్పాడు. చేయించి ఒకటి పంపాడు కూడా. అది గోడెక్కింది, నేను బీరువా ఎక్కాను. ఈ వీధిలో నా తోబుట్టువులు చాలామందే ఉన్నారు. ఎవరూ మార్చమని అడగడం లేదట. ఫోన్లో జవాబు ఆలస్యమైతే మనుషులు ఒకరినొకరు తిట్టుకుంటారు గాని పెట్టెను అనుమానించరు.

ఇవాళ పాఠం ఇక్కడి నుంచి చూశాను. మేడమ్ పిల్లి బొమ్మ పట్టుకుంది. ముందు గదిలోంచి ఎవరిదో నిశ్చితార్థం వీడియో పోతూనే ఉంది. అయినా ఆలస్యం లేదు. "చెప్పు తల్లీ, ఇదేమిటి?"

లిఖితకు తెలుసు. పెదవి కదిలింది కూడా. కానీ ముందు పక్కనున్న తల్లి వైపు చూసింది. రెండు అరచేతులతో తొడలు కప్పుకుంది. గట్టిగా కప్పుకున్నాక అప్పుడు అంది, "పిల్లి."

"శభాష్! వెంటనే చెప్పేసింది!" అని అటు మేడమ్ చప్పట్లు కొట్టింది.

కోమలి చప్పట్లు కొట్టలేకపోయింది. కుర్చీ దిగి కింద కూర్చుని, ఆ చిన్న చేతుల మీద తన నుదురు ఆనించింది. ఆ చేతులు మాత్రం తొడల మీది నుంచి లేవలేదు.