డ్వేన్ పక్కన ఖాళీ బల్ల

పందొమ్మిదో యేట ఎడమచేతి పిచర్‌గా ఒప్పందం మీద సంతకం చేసిననాటి నుండి బేస్‌బాల్ తప్ప మరొక వృత్తిని నేను ఎరుగను. బంతి విసిరాను, చెయ్యి పాడయ్యాక విసరడం నేర్పాను, ఆ పైన మేనేజర్‌నై జట్టును నడిపాను, చివరకు కోటు తొడుక్కుని జనరల్ మేనేజర్ గదిలో కూర్చున్నాను. మైదానంలోని మనిషి ఆ గదికి ఎలా చేరాడని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. ఒక ఆదివారం మధ్యాహ్నం, కూర్చోకూడని చోట కూర్చున్నందువల్ల చేరాడు.

అప్పుడు నేను అయోవాలోని మార్లో ఫెర్రీలో ‘కొంగలు’ అనే జట్టుకు మేనేజర్‌ని. మాది చిన్న లీగు. మా పిచర్ డ్వేన్ ప్రూయిట్‌కు ఇరవై రెండేళ్లు. సెప్టెంబరులో పెద్ద లీగుకు వెళ్లవలసినవాడు. ఆనాడు తొమ్మిదిలో ఆరు ఇన్నింగ్స్ ముగిసినా అవతలి జట్టుకు అతని బంతుల మీద ఒక్క హిట్ కూడా, అంటే బంతిని కొట్టి బేస్ చేరడం, దక్కలేదు. మిగిలిన మూడూ అలాగే గడిస్తే, మా మైదానం ఎన్నడూ చూడని ఘనత అవుతుంది.

అటువంటి ఆట సాగుతున్నంతసేపూ ఆ పిచర్‌తో ఎవరూ మాట్లాడరాదు, అతని వైపు చూడరాదు, జరుగుతున్నదాని పేరెత్తరాదు. పేరెత్తితే అదృష్టం చెదిరిపోతుందని మావాళ్ల నమ్మకం. నవ్వేవారితో నేను వాదించను. నేనూ ఆ నియమంలోనే పెరిగినవాణ్ణి.

కనుక డ్వేన్ వచ్చి కూర్చోగానే మా జట్టు బల్ల ఆ కొస నుండి ఈ కొస వరకు ఖాళీ అయింది.

"రస్, ఒక్క మాట..." అన్నాడు డ్వేన్.

అతని బంతులు అందుకునే క్యాచర్ రస్ గ్యాంబెల్ ఉలిక్కిపడి లేచి, చేతిలో ఉన్న ముఖకవచం కోసమే నేలంతా వెదకసాగాడు.

"అర్నో! ఇలా రా ఓసారి."

ఆటగాళ్ల దెబ్బలు, నొప్పులు చూసుకునే అర్నో మంచినీళ్ల పీపా వెనక్కి మాయమయ్యాడు.

"ఏంట్రా మీ అందరికీ!" అని డ్వేన్ గోడతో అన్నాడు. తరువాత కుడి మోచేతిని మోకాలి మీద ఆనించి మెల్లగా రుద్దుకున్నాడు. ఆత్రుత కాబోలునని భావించాను.

ఏడో ఇన్నింగ్స్‌లో అతను బంతి బంతికీ మధ్య, తడి దులుపుకుంటున్నట్టు వేళ్లు విదిలించాడు. అతని వేళ్లకు తడి లేదు. నా చెయ్యి శాశ్వతంగా పాడవడానికి ముందు వారమంతా నేనూ అలాగే విదిలించాను. ఆ ఇన్నింగ్స్‌లోనూ హిట్ రాలేదు. ఊరు ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. డ్వేన్ వచ్చి ఆ ఖాళీ బల్ల మీద కూలబడ్డాడు. నేను వెళ్లి అతని పక్కన కూర్చున్నాను.

"స్కిప్పర్! ఏం చేస్తున్నారండీ! లేవండి, మీకు దండం పెడతాను!" అని రస్ గుసగుసగా మొత్తుకున్నాడు.

"నా జట్టు బల్ల మీద కూర్చోవడానికి నీ అనుమతి కావాలా, గ్యాంబెల్?"

"హమ్మయ్య, ఒక్క మనిషి దొరికాడు!" అన్నాడు డ్వేన్. "నా ఒళ్లేమైనా కంపు కొడుతోందా అనుకున్నాను. ఇందాకట్నుంచీ చెప్దామని చూస్తుంటే ఒక్కడూ దగ్గరికి రాడే!"

"మోచెయ్యేనా?"

"లోపల ఎవరో పిండుతున్నట్టుంది. రెండు వేళ్లు తిమ్మిరెక్కిపోయాయి."

"మరి నా దగ్గరికి రాలేకపోయావా?"

"వచ్చాను. మీరు ఆకాశంలో మబ్బులు చూస్తున్నారు."

నిజమే, చూస్తున్నాను.

"అయినా ఇంకా ఆరుగుర్నేగా ఔట్ చెయ్యాలి స్కిప్పర్. పళ్లు బిగపట్టి విసిరేస్తాను. ఇలాంటి రోజు నాకు మళ్లీ వస్తుందా?"

"విసరగలవు, సందేహం లేదు. రేపు తల దువ్వుకోగలవా అన్నదే నా ప్రశ్న." ఎడమ చెయ్యి పైకెత్తి చూపించాను. అది భుజం దాకా లేచి ఆగిపోయింది. "ఇంతే. నేనూ ఒకనాడు పళ్లు బిగపట్టి విసిరినవాణ్ణే."

అతను ఆ చేతిని చూశాడు. తరువాత తన గ్లవ్ తీసి మా ఇద్దరి మధ్య పెట్టాడు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌కు వేరొక పిచర్ బంతి విసిరే మట్టి దిబ్బ మీదికి నడవగానే మైదానం భగ్గుమంది. కాగితం కప్పులు, వేరుశెనగ తొక్కలు వచ్చి పడ్డాయి. "ముసలి గాడిదా, ఇంటికి పో!" అన్నారు. నాకు గడ్డం గీసే మంగలి మూడో వరుసలో నిలబడి, "శనివారం వస్తావుగా, అప్పుడు చెప్తా నీ పని!" అని కేక వేశాడు. కొత్త పిచర్ వేసిన తొలి బంతికే హిట్ వచ్చింది. ఆట మేమే గెలిచాం. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

జట్టు యజమానురాలు మిసెస్ లండ్‌క్విస్ట్ నన్ను మేడ మీదికి పిలిపించారు.

"మా ఆయన బతికున్నన్నాళ్లూ ఇలాంటి ఆట ఒక్కటి చూడాలని కలవరించేవాడు," అన్నారు. "నోటిదాకా వచ్చింది. మీరు లాగేసుకున్నారు."

"ఆట మీదే మేడమ్. చెయ్యి మాత్రం అతనిది."

అంతలో టెలిఫోను మోగింది. ఆమె విని, పెట్టేసి, నా వైపు తిరిగారు. "డాక్టరు. నరం వాచిందట, తెగలేదట. మూడు వారాల విశ్రాంతి చాలునట. ఇంకో ఇన్నింగ్స్ విసిరుంటే తాను పూచీ పడేవాణ్ణి కాదన్నాడు."

నేను టోపీ తీసి కూర్చున్నాను. 

"మా జనరల్ మేనేజర్ ఈ ఏడాదితో మానేస్తున్నాడు. ఆ గది మీరు తీసుకోండి," అన్నారామె. "ఊరంతా బూతులు తిడుతుంటే చెవిటివాడిలా నిలబడ్డారు. ఆ కుర్చీకి కావలసింది అదే చెవుడు."

"యూనిఫాం వదిలేయాలి కదా మేడమ్?"

"ఆ పొట్టకి కోటే నయం లెండి."

ఒప్పుకున్నాను. మౌన నియమాన్ని నేను రద్దు చేయలేదు. అది నా అధికారానికి మించినది. ఇన్నింగ్స్ ముగిసిన ప్రతిసారీ అర్నో పిచర్ మోచేతిని పరీక్షించవలెనని మాత్రం ఆదేశించాను. అతను కళ్లు గట్టిగా మూసుకుని, తల పక్కకు తిప్పుకుని ఆ పని చేసేవాడు.

సెప్టెంబరు చివరలో డ్వేన్ పెద్ద లీగులో తొలిసారి బంతి విసిరాడు. కొత్త గదిలో రేడియో పెట్టుకుని విన్నాను. మొదటి ఇన్నింగ్స్‌లోనే అవతలివాళ్లు అతని బంతుల్ని ఎడాపెడా కొట్టారు, వ్యాఖ్యాత జాలిపడ్డాడు. అతను మాత్రం విసురుతూనే ఉన్నాడు, ఒకదాని తరువాత ఒకటి, వేగం తగ్గకుండా. అంత హాయిగా నేను ఏ ఆటనూ వినలేదు.