అయ్య గురక

జబ్బు రక్తంలో ఉందన్నారు. పరీక్ష తలకు చేశారు. కోత గొంతులో పెడతామన్నారు. విశాఖపట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు కూర్చుని బుర్ర గోక్కున్నాను. నన్ను మొద్దు అనుకుంటే అనుకోండి గానీ, ఈ మూడూ ఎక్కడ కలుస్తాయో మీకైనా తెలుసా?

మా వాడికి ఏడేళ్లు. పేరు మంగరాజు, మా అయ్య పేరే. చింతపల్లి పైన మా ఊళ్లో, పోయినవాళ్లలో ఎవరు తిరిగొచ్చారో చూసుకుని బిడ్డకు పేరు పెడతాం. అయ్య పోయిన మరుసటి ఏడు వీడు పుట్టాడు. పేరు పెట్టే రోజున మా అమ్మ సోములమ్మ ఒళ్లో నిద్రపోతూ అచ్చం మా అయ్యలాగే గురక పెట్టాడు. "మీ అయ్యొచ్చీసినాడ్రా!" అంది అమ్మ. ఇక వేరే పేరు వెతకలేదు. గురక ఏటేటా పెరుగుతుంటే మేమంతా మురిసిపోయాం.

ఇప్పుడేమో వాడి కణతకు చల్లటి జిగురు రాసి, ఏదో ఆనించి, లోపల పారే రక్తం చప్పుడు వినిపించారు. మెదడుకు రక్తం మరీ వేగంగా పోతోందట.

"వాడిది సికిల్ సెల్ జబ్బు. రక్తం గాలిని సరిగా మోయలేదు. పైగా గొంతులో టాన్సిల్ గడ్డలు అడ్డుపడి నిద్రలో ఊపిరి ఆగుతోంది. వదిలేస్తే పక్షవాతం రావచ్చు. గడ్డలు తీస్తే గురక పోతుంది, మెదడు మీద భారం కూడా తగ్గవచ్చు," అంది డాక్టరమ్మ.

నాకు పక్షవాతం అన్న మాట ఒక్కటే వినిపించింది. అమ్మ చెవికి మాత్రం వేరే మాట ఎక్కింది.

"గురక తీయించీసినావంటే మీ అయ్య ఎక్కడుంటాడ్రా?"

"గురక కావాలా, గుంటడు కావాలా నీకు?" అని కసిరాను.

"ఇద్దరేటి, ఒకడే గదా!"

నాకు ఒళ్లు మండింది. అయినా ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు. మా అయ్యను నేనే వెళ్లగొడుతున్నానా?

పరీక్ష చేసిన బల్ల మీదే మంగరాజు నిద్రపోయాడు. గురక మొదలై, ఉన్నట్టుండి ఆగింది. రొమ్ము ఎగురుతోంది, చప్పుడు లేదు. "ఇదిగో, ఊపిరి ఆగింది," అంది డాక్టరమ్మ. అంతలో వాడు గట్టిగా ఎగపీల్చాడు.

అమ్మ ముఖం పాలిపోయింది. "ఆయనా ఇలాగే ఆగీవోడు. మల్లీ లాగుతాడని ఇనుకుంటా ఉండీదాన్ని. ఆ రోజు లాగనేదు." వాడి రొమ్ము మీద చెయ్యి వేసింది. "కోసీమను. బేగి కోసీమను," అంది.

రక్తం ఎక్కించి గడ్డలు తీశారు. రక్తంలో జబ్బు మాత్రం అలాగే ఉంటుందట, కొన్ని నెలలయ్యాక తలకు మళ్లీ పరీక్ష చేస్తారట. మరి ఏం నయమైనట్టో నాకిప్పటికీ సరిగా అర్థం కాలేదు.

ఇంటికొచ్చిన మధ్యాహ్నం వాడు చాప మీద నోరు మూసుకుని నిద్రపోయాడు. అమ్మ వాడి ముక్కు దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నది. లేచి అరుగు మీదికి వెళ్లి, గుండెలు బాదుకుంటూ గొల్లుమంది.

కాఫీ గింజలు ఆరబోస్తున్న పక్కింటి రత్నాలు పరుగెత్తుకొచ్చింది, వెనకే ఊరంతా. ఆ గోలకు మంగరాజు లేచి, కళ్లు నులుముకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. వాడిని చూసి అందరూ ఆగిపోయారు.

"గుంటడు బాగానే ఉన్నాడు గదా, మరెవులు పోనారు?" అంది రత్నాలు.

వాడిని దగ్గరకు లాక్కున్నాను.

"మా అయ్య," అన్నాను.