నేలతాత సమ్మతి

లియావ్ మాస్టారి భార్య బియున్ పోయిన రోజున సందులో నీళ్లు మోకాళ్లు దాటాయి. ఆస్పత్రి వాగు అవతల ఉంది. ముందురోజు సాయంత్రం ఆమె కులాసాగానే మాట్లాడింది. పొద్దున వచ్చేటప్పుడు గంజి తెమ్మని, ఉప్పు తక్కువ వెయ్యమని చెప్పి ఆయన్ని ఇంటికి పంపించింది. తెల్లవారేసరికి తుఫాను దారి మార్చుకుంది. హౌషీ వాగు గట్టుగోడ మీదుగా పొర్లి వంతెనను ముంచేసింది. లియావ్ మాస్టారు గంజి గిన్నె సంచిలో పెట్టుకుని వంతెన దాకా వెళ్లారు. పసుపు కోటు వేసుకున్న పోలీసు తాడు కట్టి నిలబడి వెనక్కి పంపించాడు. కాసేపాగి మళ్లీ వెళ్లారు. మళ్లీ పంపించాడు. మధ్యాహ్నం నర్సు ఫోన్ చేసేటప్పటికి ఆయన మేడమెట్ల మీద కూర్చుని ఉన్నారు. నీళ్లు మర్నాటికి గాని తియ్యలేదు.

ఆ సంగతి మాస్టారు ఎవరితోనూ చెప్పుకోలేదు. సందులో అందరికీ తెలుసు గనక ఎవరూ అడగలేదు.

ఆ ఏడు వాగు ఒడ్డున ఉన్న, ఆ చోటును కాపాడే దేవుడు నేలతాత గుడికి ధూపం పెద్ద లియావ్ మాస్టారే. గుడి అంటే ఎంతో లేదు. వంగితే తప్ప లోపలున్న తాత గడ్డం కనబడదు. ఏటా రెండో నెలలో తాత పుట్టినరోజున ఒక్కొక్క ఇంటి పేరూ చెప్పి నెలవంక చెక్కలు రెండు నేల మీద వేస్తారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే తాత ఒప్పుకున్నట్టు. రెండూ వెల్లకిలా పడితే నవ్వుతున్నట్టు. రెండూ బోర్లా పడితే కాదన్నట్టు. ఎవరి పేరుకు ఎక్కువసార్లు ఒప్పుకుంటే ఆ ఏడు వాళ్లే ధూపం పెద్ద. పేరు మాస్టారిదే అయినా పొద్దున్నే గుడి ఊడ్చి, టీ పోసి, ధూపం వెలిగించింది బియునే. ఆమె పోయాక ఆ ఇంటికి సూతకం వచ్చింది. ఏడాది తిరిగేదాకా సూతకం ఉన్నవాళ్లు దేవుడి సామాను ముట్టుకోకూడదు. వీధి చివర బాతుమాంసం సేమియా అమ్మే కువో తన పనితోపాటు ఆ పని కూడా చూసుకున్నాడు. మరుసటి ఏడు పుట్టినరోజున ఎవరి పేరు చెప్పినా తాత ఒప్పుకోలేదు. పాత పెద్దే కొనసాగాలని అందరూ అనుకుని, విందు తిని ఇళ్లకు పోయారు.

ఏడాది తిరిగింది. ఆపైన ఇంకో రెండు నెలలూ గడిచాయి. మాస్టారు సూతకం విడవలేదు.

విడవాలంటే చెయ్యవలసింది పెద్ద పనేమీ కాదు. బియున్ పేర వేరుగా పెట్టిన చిన్న ధూపపాత్రలోంచి చిటికెడు బూడిద తీసి, ఇంట్లో అంతకుముందు పోయిన పెద్దల ధూపపాత్రలో కలపాలి. పెద్దల పలక మీద ఆమె పేరు రాయాలి. చిన్న పాత్ర, చిన్న బల్ల తీసెయ్యాలి. ఆ రోజు నుంచి ఆమె కూడా పెద్దల్లో ఒకరు. పొద్దున వెలిగించే ధూపం అందరికీ కలిపి ఒకటే. ఆమెకంటూ వేరే ధూపం ఉండదు.

"ఎప్పుడు చేద్దాం నాన్నా? శలవు పెట్టుకోవాలి," అని తైచుంగ్ నుంచి కూతురు పెయ్-చున్ అడిగినప్పుడల్లా ఆయన, "పంచాంగం చూస్తున్నానమ్మా," అనేవారు.

ఈలోగా నగరం వాళ్లు వాగుకు కొత్త రూపం గీసుకొచ్చారు. ఇవతలి గట్టున కాంక్రీటు గోడ పడగొట్టి, మెల్లగా దిగే గడ్డివాలు వేస్తారు. పాత లారీల స్థలం తవ్వి పల్లం చేస్తారు. ఎండల్లో అది పార్కు, వానల్లో చెరువు. పొంగిన నీరు సందులోకి రాకుండా అందులోకి దిగుతుంది. నీరు దిగే నోరు సరిగ్గా నేలతాత గుడి ఉన్నచోట పడింది. గుడిని పక్కనే మిట్ట కట్టి దాని మీద పెడతామన్నారు. అందుకు తాత సమ్మతి కావాలి. పెద్ద విషయం కాబట్టి వరసగా మూడుసార్లు ఒప్పుకోవాలి. వానలు వెనకబట్టిన ఈ నెలల్లో పని మొదలుపెడితేనే వచ్చే వర్షాలకు పూర్తవుతుంది. లేకపోతే ఇంకో వానాకాలం ఇలాగే గడవాలి.

మొదట వార్డు పెద్ద త్సాయ్ యుయె-ఓ అడిగింది. అరవై ఏళ్ల మనిషి. ఆమె గొంతుకు లౌడ్‌స్పీకర్ దండగ అని సందులో అంటారు.

"నేలతాతా, నేను యుయె-ఓ ని. వార్డు పెద్దని. ఈ సందు వాళ్లే నన్ను మూడుసార్లు గెలిపించారు..."

"నువ్వెవరో ఆయనకి తెలుసులే. ప్రచారం ఆపి విషయం చెప్పు," అన్నాడు కువో.

చెక్కలు రెండూ వెల్లకిలా పడ్డాయి. తాత నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

తరవాత నీటిపారుదల ఆఫీసు నుంచి వచ్చిన చియు అనే అమ్మాయి అడిగింది. చేతులు జోడించి, చెరువులో ఎన్ని ఘనమీటర్ల నీరు పడుతుందో వివరంగా విన్నవించుకుంది. రెండూ బోర్లా పడ్డాయి.

"తాతకి ఘనమీటర్లేం తెలుస్తాయమ్మాయ్? ఆయనది బిందెల లెక్క," అన్నాడు కువో. "పైగా తైపే యాసలో అడిగావు. మా భాషలో అడుగు."

చియు ఆ వాక్యాన్ని సందువాళ్ల భాషలో కువో దగ్గరే నేర్చుకుని వచ్చి అడిగింది. మళ్లీ బోర్లానే. ఈసారి కువో తనే అడిగాడు. కాదనే వచ్చింది. నాలుగు రోజులు పోయాక అడిగినా అంతే. ఇక నవ్వేవాళ్లు తగ్గారు.

మర్నాడు యుయె-ఓ జామకాయ రంగులో ఉన్న అరటిపళ్ల అత్తం ఒకటి పట్టుకుని మాస్టారి ఇంటికి వచ్చింది. ఆరో తరగతిలో ఆయన దగ్గర చదువుకున్న మనిషి గనక ఇప్పటికీ కుర్చీ అంచు మీదే కూర్చుంటుంది.

"పచ్చివి తెచ్చావేమిటి?" అన్నారు మాస్టారు.

"పండేదాకా మీరు కదలరు కదా అని."

ఆయన టీ పోశారు. ఆమె చిన్న బల్ల వైపు, దాని మీద సన్నగా పొగ వస్తున్న పాత్ర వైపు చూసింది.

"మాస్టారూ, నాకు చెప్పడం చేతకాదు. వ్యాసాల్లో మీరే నాకు సున్నా వేసేవారు."

"సున్నా వెయ్యలేదు. పదికి రెండు వేశాను."

"ఆ రెండు మార్కుల తెలివితోనే చెప్తున్నా వినండి. తాత మొండివాడు కాదు. నాతో, అడిగేదానివి నువ్వు కాదంటున్నాడు. కువోతో, నువ్వూ కాదంటున్నాడు. ధూపం పెద్ద ఉండగా మేమెవరం?"

"నాకు సూతకం ఉంది."

"ఉందా?" అంది యుయె-ఓ.

మాస్టారు ఆమె కప్పులో ఇంకాస్త టీ పోశారు. ఆమె రెట్టించలేదు. టీ తాగి, కప్పు తనే కడిగి బోర్లించి, "బియున్ అక్క ఉంటే మీకు తొక్క ఒలిచి ఇచ్చేది. పండాక మీరే ఒలుచుకోండి," అని వెళ్లిపోయింది.

సాయంత్రం మాస్టారు వాగు వైపు నడిచారు. చియు ఒక్కతే లారీల స్థలంలో ఎర్రగుడ్డ కట్టిన మేకులు పాతుతోంది. ఆయన్ని చూసి సుత్తి కింద పెట్టింది.

"ఇవెందుకమ్మా?"

"నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో గుర్తులండి. మామూలు వానకి అక్కడిదాకా. పెద్ద తుఫానుకి ఇక్కడిదాకా."

"నిరుడు వచ్చినంత వస్తే?"

ఆమె నాలుగడుగులు పైకి ఎక్కి, ఒక మేకు పక్కన నిలబడింది. "ఇక్కడిదాకండి. ఇంతకన్నా ఎక్కదు."

"అప్పుడు వంతెన మీద దారి ఉంటుందా?"

"ఉంటుందండి."

"మనిషి నడిచి వెళ్లగలడా?"

"వెళ్లొచ్చండి. అంబులెన్సులు, బస్సులు కూడా వెళ్లొచ్చు."

"నడిచి," అన్నారు మాస్టారు, "పొద్దున్న పూట. చేతిలో సంచితో."

చియుకు ఆయన విషయం తెలియదు. అయినా వంతెన వైపు ఒకసారి, తన పాదాల దగ్గరి మేకు వైపు ఒకసారి చూసింది. "వెళ్లొచ్చు తాతగారూ. చెప్పులు కూడా తడవకుండా," అంది.

ఆయన అక్కడే కొంతసేపు నిలబడ్డారు. ఇంటికి వెళ్లి కూతురికి ఫోన్ చేశారు.

"ఈ ఆదివారం వీలవుతుందా?" అన్నారు.

"పంచాంగంలో బాగుందా నాన్నా?"

"చూడలేదు."

ఆదివారం పెయ్-చున్ వచ్చింది. వెదురు రెమ్మలతో వండిన పంది మాంసం, నూడుల్స్, బియున్‌కు ఇష్టమైన చేమదుంప తీపి ఉండలు పెట్టారు. మాస్టారు పలక మీద ఆమె పేరు తనే రాశారు. ఎన్నేళ్లు నల్లబల్ల మీద రాసిన చెయ్యో, అక్షరం వంకర పోలేదు. బూడిద చిటికెడు తీసి పెద్దల పాత్రలో వేసి, వేళ్లు వెంటనే దులుపుకోకుండా కాసేపు అలాగే ఉంచుకున్నారు. పెయ్-చున్ చిన్న బల్ల మడిచి మెట్ల కింద పెట్టింది. తరవాత ఇద్దరూ కూర్చుని తృప్తిగా తిన్నారు. ఉండల్లో పంచదార ఎక్కువైందని ఆయన, అమ్మ అంతే వేసేదని ఆమె కాసేపు వాదించుకున్నారు.

మర్నాడు పొద్దున మాస్టారు స్నానం చేసి గుడికి వెళ్లారు. సందు సందంతా అక్కడే ఉంది. ఏడాది పైగా ముట్టుకోని చెక్కలు చేతిలోకి తీసుకుని, పేరు, ఇంటి నంబరు, పుట్టిన రోజు చెప్పుకున్నారు. వాగు చరిత్రతో మొదలుపెట్టి, గట్టుగోడ ఎప్పుడు కట్టారో, ఎందుకు కట్టారో చెప్పుకుంటూ పోయారు. చెక్కలు వేశారు. రెండూ వెల్లకిలా పడ్డాయి.

"మాస్టారూ, తాత బడి మానేసి చాలా కాలమైంది," అన్నాడు కువో. "పాఠం వద్దు. అడగండి, చాలు."

జనం నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. పెయ్-చున్ ఆయన నవ్వడం చూసి తల పక్కకు తిప్పుకుంది.

ఆయన చెక్కలు తీసి రెండు చేతుల మధ్య పెట్టుకున్నారు. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడారు.

"తాతా, నేను రావడం ఆలస్యమైంది. నిన్ననే మా ఆవిణ్ణి పెద్దల్లో కలిపాను. మిమ్మల్ని కూడా లేవమనడానికి వచ్చాను. దూరం కాదు. ఆ మిట్ట మీదికి. మీరు లేస్తే నీళ్లకి ఇక్కడ దారి దొరుకుతుంది, మనుషులకి వంతెన మీద దారి దొరుకుతుంది. మీకు సమ్మతమేనా?"

ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. రెండోసారీ అంతే. మూడోసారి ఒక చెక్క అంచు మీద నిలబడి, అటూ ఇటూ ఊగి, మెల్లగా బోర్లా పడింది. రెండోది వెల్లకిలా ఉంది.

యుయె-ఓ లౌడ్‌స్పీకర్ అక్కర్లేకుండానే ఆ సంగతి నాలుగు సందులకు వినిపించింది.

పని వానలకు ముందే అయింది. నేలతాత మిట్ట మీదికి ఎక్కాడు. ఇప్పుడు వంగకుండానే ఆయన గడ్డం కనబడుతుంది. కొత్త ధూపం పెద్దగా కువో పేరు వచ్చింది. "నేను ఊడ్చిన చీపురుకే జీతం ఇచ్చారన్నమాట," అని అతను సణుగుతూనే సంతోషించాడు. సాయంత్రాలు గడ్డివాలు మీద పిల్లలు దొర్లుతారు, ముసలివాళ్లు వెనక్కి నడుస్తూ వ్యాయామం చేస్తారు. మాస్టారు పొద్దున్నే పెద్దల పాత్ర దగ్గర ఒకే ధూపం వెలిగించి, అందరి పేర్లూ వరసగా చెప్పుకుంటారు. ఆఖరి పేరు బియున్‌ది. దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతారు.

ఆ ఏడు మొదటి తుఫాను ఒక రాత్రంతా కురిసింది. పొద్దున మాస్టారు గొడుగు వేసుకుని బయటికి వచ్చారు. సందు తడిగా ఉంది, అంతే. పార్కు బెంచీలు, సగందాకా దీపస్తంభాలు నీళ్లలో ఉన్నాయి. బురదరంగు నీరు తొందర లేకుండా చెరువులో తిరుగుతోంది. ఆయన వంతెన ఎక్కి అవతలికి నడిచి, అక్కడ దుకాణంలో వేడి సోయాపాలు కొనుక్కుని తాగి, మళ్లీ నడిచి ఇవతలికి వచ్చారు. దారిలో ఎవరూ ఆపలేదు.

అవతలి గట్టున మాత్రం ఇంకా కాంక్రీటు గోడే ఉంది. దాని పని మొదలు కాలేదు.