ఆటలమ్మ ఇంటి పెనం

నేను ఒక దోసెల పెనాన్ని. ఇనుమును కరిగించి ఇసుక అచ్చులో పోస్తే పుట్టాను. పుట్టినప్పటి నుంచీ నాకు భయం ఎక్కువ. సంత నుంచి బస్సులో తెస్తుంటే కింద పడి పగిలిపోతాననుకున్నాను. పోత ఇనుము అంతే, నిప్పును ఓర్చుకుంటుంది గానీ దెబ్బకు నిలవదు. తీరా చూస్తే పగల్లేదు. నా భయాలు చాలావరకు ఇట్లాగే వృథా అయ్యాయి. ఒక్కటి మాత్రం కాలేదు. అదే చెబుతాను.

నన్ను కొన్న మనిషి శేషారత్నం. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలకు వెళ్లే దారిలో తోపుడు బండి మీద దోసెలు వేసేది. మొగుడు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటే, ఇద్దరు పిల్లలకూ అత్త మంగమ్మకూ ఆ బండే ఆధారం. ఆ బండికి నేనే ఆధారమని నా గర్వం. ఉల్లిపాయను సగానికి కోసి, నూనెలో ముంచి, కాలుతున్న నా ఒంటిని రుద్దేది. చుయ్యిమనే ఆ చప్పుడుకే బట్టీ కూలీలు సున్నం కొట్టుకున్న కాళ్లతో వచ్చి నిలబడేవాళ్లు.

"కారం దండిగా పుయ్యక్కా, నోట్లో సున్నం పోవాల."

"ఆకూ వక్కా తెచ్చుకో నాయనా, కిళ్లీ అయిద్ది" అనేది రత్నం.

ఒకరోజు టీకాల నర్సమ్మ దోసె తింటూ అడిగింది. "పిల్లలకు టీకాలన్నీ వేయించావా రత్నం?"

"అన్నీ వేయించాగదమ్మా. ఒక్కటి కూడా వదల్లా."

"ఆటలమ్మదో? అది మేం వేసేవాటిల్లో ఉండదు. బయట డాక్టరు దగ్గర కొని వేయించుకోవాల."

ధర వినగానే రత్నం చేతిలో గరిటె ఆగింది. ఇద్దరు పిల్లలకూ కలిపితే వారం బేరం. "అమ్మవారికి ఎవరన్నా టీకా వేస్తారామ్మా!" అని నవ్వేసింది. ఈలోగా నా మీద దోసె మాడింది. అది చెడుకేనని నాకు భయం పట్టుకుంది. మనుషులు మాత్రం మాడిన దోసెను గీకి పక్కన పడేస్తారు, ఇంకొకటి పోసుకుంటారు.

ఎండలు ముదిరాక కూతురు హిమబిందు ఒంటి మీద నీటి పొక్కులు లేచాయి. మంగమ్మ గుమ్మానికి వేపమండ కట్టింది.

"ఆటలమ్మ పోసింది. తల్లి సాగిపోయిందాకా పెనం పొయ్యెక్కగూడదు. నూనె చుర్రుమంటే పిల్ల ఒంటి మీద పొక్కు చుర్రుమంటది."

"మరి బండో, అత్తా?"

"బండి యాడికి బోద్ది? పిల్లకంటే బండి ఎక్కువా నీకు?"

ఆ మాటకు ఏ తల్లి ఎదురు చెప్పగలదు? చెప్పినా, వేపమండ కట్టిన ఇంటి దోసె ఎవరు తింటారు? నన్ను వంటింట్లో మేకుకు తగిలించారు.

హిమబిందుకు వేపాకు నీళ్లు పోసి అమ్మవారిని సాగనంపే వేళకు కొడుకు జస్వంత్‌కు పోసింది. వాడు లేచి తిరిగే వేళకు రత్నమే పడింది. పిల్లలను గోకించి వదిలిన జబ్బు పెద్ద మనిషిని వదల్లేదు. ఊపిరాడక రొప్పుతుంటే నరసరావుపేట ఆసుపత్రికి తీసుకుపోయారు. మొగుడు లారీ దిగి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. దాంతో అతని కాస్త సంపాదనా ఆగింది. వంటింట్లో చప్పుడు లేదు, పోపు వాసన లేదు. వీధిలో ఎవరి అడుగు వినపడినా చెడ్డ కబురేననుకున్నాను. చివరికి రత్నం వచ్చింది, సగం మనిషై.

ఆసుపత్రి ఖర్చుకు బండి అమ్మక తప్పలేదు. కొన్నది పరోటాలు వేసే బాజీ అనే అతను. రత్నం నిలబడే చోట అప్పటికే అతను నిలబడుతున్నాడు, కూలీలూ అతనికి అలవాటు పడ్డారు. బండితో పాటు ఇద్దామని మంగమ్మ నన్ను తెస్తే వెనక్కి జరిగాడు.

"పెనం వద్దు పెద్దమ్మా. అమ్మవారు తిరిగిన ఇంట్లోది."

"బండి మాత్రం ఈ ఇంటిది గాదా?"

"బండి బయటుంది గందా."

నేను లోపల ఉన్నాను. అదీ నా తప్పు. నిప్పుల్లో పుట్టి, నిప్పుల మీద బతికిన నన్ను అంటుజబ్బుకు జడిసి వదిలేశారు. మళ్లీ మేకుకే తగిలించారు.

ఇప్పుడు రత్నం బాజీ దగ్గర కూలికి దోసెలు వేస్తోంది. తన బండి మీదే, తన చోటులోనే, వేరే పెనం మీద. సాయంత్రం ఇంటికొస్తే ఆమె చేతుల్లో ఆ పెనం వాసన.

మొన్న పక్కింటి సలోమి చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. "టీకాలన్నీ అయిపోయినయ్యక్కా."

"అన్నీ అంటే ఏందే?" రత్నం గొంతు లేచింది. "నేనూ అన్నీ అనే అన్నా. ఆటలమ్మది యాడ దొరుకుద్దో, ఏ వయసులో వెయ్యాలో నర్సమ్మనడుగు. వారం కూలి పోతే పోయిద్ది."

సలోమి వెళ్లాక రత్నం నా వైపు చూసింది. మేకు మీద నుంచి దించి, అంచున లేస్తున్న తుప్పును గీకింది. ఉల్లిపాయ సగానికి కోసి, నూనెలో ముంచి, నెమ్మదిగా రుద్దింది. నేను ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను.

చల్లటి పెనం మీద ఉల్లిపాయ చప్పుడు చేయదు.