వల ముడి

మా ఊళ్లో మా నాన్న వేసే వల ముడికి పేరు. భీమిలి అవతల, ఇసుక దిబ్బల వెనక, పాక ముందు కూర్చుని తెగిన వలలు బాగుచేసేవాడు. బడికి పోకముందే నాకు ఆ ముడి వచ్చేసింది. తడిస్తే బిగుస్తుంది, పీకితే ఇంకా బిగుస్తుంది. పెళ్లయి ఈ బస్తర్ కొండల్లోకి, బచేలీ రైల్వే క్వార్టర్లకి వచ్చి ఇరవై ఆరేళ్లయినా నా వేళ్లు దాన్ని మరచిపోలేదు. మరచిపోయినా బాగుండేది.

మా ఆయన నూకరాజు కీమ్యాన్‌గా చేసేవాడు. పొద్దున్నే సుత్తి, పానా, ఎర్రజెండా పట్టుకుని తన బీటులో పట్టాల వెంట నడవడం, వదులైన క్లిప్పు కనిపిస్తే కొట్టి బిగించడం ఆయన పని. ఇనుప ఖనిజం నింపుకుని కిరండూల్ నుంచి దిగే గూడ్సుబండ్ల బరువుకి ఏ క్లిప్పూ నాలుగు రోజులు కుదురుగా ఉండదు. పోనూ రానూ పన్నెండు కిలోమీటర్లు, అంతా కంకర. ఆ నడకంటే ఆయనకి ఎంత ఇష్టమో చెప్పలేను. సెలవు రోజున కూడా వీధి చివరిదాకా పోయి పట్టాలు చూసి వచ్చేవాడు.

మూడేళ్ల కిందట షుగరు బయటపడింది. ఆ తర్వాత పాదాలు తిమ్మిరెక్కాయి. కొన్నాళ్లకి తిమ్మిరి కూడా పోయింది. ఒకరోజు అరికాల్లో ముల్లు విరిగి ఉంటే, ఆయనకి తెలియనే తెలియదు. నేనే చూసి తీశాను. రైల్వే డాక్టరమ్మ ఆయన్ని వదిలేసి నాతో చెప్పింది. ఈ కాళ్లకి నొప్పి తెలియదు కాబట్టి నువ్వే రోజూ చూడాలి, పుండు పడిందా కాలు దక్కదు అంది. మెత్తటి మేజోళ్లు వెయ్యమంది. ఆ రోజు నుంచి ఆ రెండు పాదాలూ కాపాడటమే నా ఉద్యోగం అనుకున్నాను. రోజూ సాయంత్రం బూట్లు విప్పించి, కాళ్లు కడిగి, టార్చిలైటు వేసి వేలు వేలూ చూసేదాన్ని.

బజారులో దొరికే మేజోళ్లు నైలానువి. చెమట పట్టి వేళ్ల సందులు పాచిపోయేవి. అప్పుడు పక్క క్వార్టరులో మీనా ఉండేది. ఉత్తరాన అల్మోడా వైపు కొండల పిల్ల, మొగుడు పాయింట్స్‌మన్. ఎండలో మెట్ల మీద కూర్చుని, చేతుల వైపు చూడకుండానే స్వెట్టర్లు అల్లేసేది. "ఊలు కొనుక్కో దీదీ, నేను నేర్పిస్తా" అంది.

సంతకి పోయి మెరూన్ రంగు ఊలు కొన్నాను. మా బచేలీలో తెల్లబట్ట కొనేవాళ్లు లేరు. కొండ మీద నుంచి దిగే ఎర్రదుమ్ము ఆరేసిన చీర మీదా, అన్నం గిన్నె మూత మీదా, దేవుడి పటం మీదా పడుతుంది. అందుకని ఏం కొన్నా ఆ దుమ్ము కనపడని రంగే కొంటాం. నేనూ అంతే చేశాను.

నేర్చుకోవడం సులువేం కాలేదు. సూది మీది ఒక్కో ఉచ్చుని మీనా ఫందా అనేది, నేను వల అలవాటు కొద్దీ కన్ను అనేదాన్ని. ముప్ఫై కన్నులతో మొదలుపెట్టిన మఫ్లరు చివరికి వచ్చేసరికి నలభై ఏడు కన్నులైంది. మెడ దగ్గర సన్నంగా, కొసకి చాటంత వెడల్పుగా. స్వెట్టరు ఒకటి అల్లితే ఒక చెయ్యి మోచేతి దాకా వచ్చింది, ఇంకోటి వేళ్లు దాటిపోయింది. మా ఆయన దాన్ని తొడుక్కుని పొడుగు చెయ్యి ఊపుకుంటూ ఇల్లంతా తిరిగాడు. అందరూ నవ్వారు, నేను నవ్వలేదు.

మొదటి మేజోడులో ఆయన రెండు కాళ్లూ పట్టేవి. రెండోసారి అలా కాకూడదని కన్నులు తగ్గించి, పది రోజులు కూర్చుని జత పూర్తిచేశాను. తొడుక్కున్నాడు.

"పిక్క కాడ కూసింత బిగుతుగా ఉందే రత్నాలూ" అన్నాడు.

అంతే అన్నాడు. నేను అక్కడే, ఆయన కాలి నుంచే లాగి, కొస పట్టుకుని బరబరా విప్పేశాను. పది రోజుల పని రెండు నిమిషాల్లో గుట్టగా పడింది. ఆ తర్వాత రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కంచం కూడా చప్పుడయ్యేలా పెట్టాను. నా కోపం అలాంటిది. పుట్టింట్లో అమ్మ భరించింది, ఇక్కడ ఈయన భరించాడు. ఆ రెండు రోజులూ ఆయన గుమ్మంలో కూర్చుని, నా ముఖం ఎప్పుడు మారుతుందా అని చూస్తూనే ఉన్నాడు. చూస్తున్నాడని నాకు తెలుసు. తెలిసే బిగుసుకున్నాను.

మూడోసారి కుదిరింది. మీనా పక్కనే కూర్చుని మడమ తిప్పించింది. ఒక్కో కాలికి ఒక్కో ఉండ చొప్పున తెచ్చాను. మడమ దాటి, అరికాలు దాటి, బొటనవేలి మొదటికి వచ్చేసరికి ఉండ అయిపోయింది. ఇంకో ఉండ కొనుక్కొచ్చి, దాని కొస తీసి, పాత కొసకి వల ముడి వేసి బిగించాను. మీనా చూసి నా చెయ్యి పట్టుకుంది.

"గాంఠ్ వెయ్యకూడదు దీదీ. రెండు కొసలూ పొడుగ్గా వదిలేసి, తర్వాత సూదితో లోపలికి తిప్పేయాలి."

"ముడి లేకపోతే ఊడిపోదా?" అన్నాను.

"ఊడదు. ముడి వేస్తే గుచ్చుకుంటుంది."

నాకు ఒళ్లు మండింది. ముడి గురించి నాకు చెప్పేదా ఈ పిల్ల? మా నాన్న ముడిని నమ్ముకుని మనుషులు సముద్రం మీదకి పోయారు. ముడి వెయ్యని అతుకు నా దృష్టిలో అతుకే కాదు. ఆ ముడి అలాగే ఉంచి, తర్వాత రెండో మేజోడుకి కూడా అక్కడే, అలాగే ముడి వేశాను. ముడి లోపలి వైపుకి వచ్చింది. పైకి నున్నగా ఉంది. డిసెంబరులో మీనా మొగుడికి బదిలీ అయి వాళ్లు కోరాపుట్ వెళ్లిపోయారు.

మా ఆయన ఆ జత తొడుక్కుని గదిలో అటూ ఇటూ నడిచాడు.

"ఎలా ఉందేటి?" అన్నాను.

"మెత్తగా ఉందే. బాగుంది" అన్నాడు.

ఆ పాదాలకి మెత్తదనం ఎలా తెలిసిందని నాకు తట్టలేదు. తట్టాల్సింది. నేను మురిసిపోయాను.

పదిహేను రోజులయ్యాక ఆయన కొత్త అలవాటు మొదలుపెట్టాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పేవాడు గానీ మేజోళ్లు విప్పేవాడు కాదు. నేను టార్చి తెస్తే కాళ్లు మంచం కిందకి లాక్కునేవాడు.

"నానే కడుక్కున్నాను, నానే సూసుకున్నాను. ఒగ్గేయే, సలేస్తంది" అనేవాడు.

స్నానాల గదిలో తనే ఉతుక్కునేవాడు కూడా. నేను అల్లినవి కాబట్టి అపురూపంగా చూసుకుంటున్నాడని అనుకున్నాను. క్వార్టర్ల లైను మొత్తానికి చెప్పాను, మా ఆయన నా మేజోళ్లు పడుకునేటప్పుడు కూడా విప్పడని. ఆడవాళ్లు ఆటపట్టిస్తే సిగ్గుపడ్డాను, సంబరపడ్డాను. నా ఉద్యోగం నేను మానేశానన్న సంగతే గుర్తు రాలేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం మంగల్ ఆయన్ని భుజం మీద ఆనించుకుని తీసుకొచ్చాడు. మంగల్ ఆయన గ్యాంగులో ట్రాక్‌మన్, కోంటా వైపు వాడు.

"ఏందక్కా, నువ్వు సూడనే లేదా? అన్న నాలుగు రోజుల సంది కుంటుతుండు. ఏందన్నా అంటే ఏం లేదంటడు. ఇయ్యాల ఒళ్లు కాలిపోతుంది" అన్నాడు.

బూటు లాగగానే వాసన వచ్చింది. మేజోడు రాలేదు, పాదానికి అంటుకుపోయింది. నీళ్లు పోసి నానబెట్టి తీశాను. అన్నాళ్లూ కారిన నెత్తురు మెరూన్ రంగులో కలిసిపోయింది. తెల్లదైతే మొదటి రోజే కనపడి ఉండేది. బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత గుంట. చుట్టూ నల్లగా. ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

విశాఖ పంపారు. ఆయన నడిచిన పట్టాల మీదే వెళ్లాం. జ్వరంలో కూడా చక్రాల చప్పుడు వింటూ, "ఇక్కడ వదులైందే, మంగల్‌కి సెప్పాలి" అంటున్నాడు. పెద్ద డాక్టరు పుండు చూసి, బూటులో ఏముందని అడిగాడు.

"కంకర రాయి దూరిందండి. నాను సూసుకోనేదు" అన్నాడు మా ఆయన.

కుడి పాదం సగానికి తీసేశారు.

ఆయన సామాను కవరులో వేసి నాకిచ్చారు. అందులో ఆ మేజోడు ఉంది. వార్డు బయట కుళాయి దగ్గర ఉతుకుదామని తిరగేశాను. బొటనవేలి మొదట్లో, కందిగింజంత, రాయిలా గట్టిపడిన ముడి. నెత్తురు తాగి ఇంకా బిగుసుకుంది. నా ముడి. కుళాయి దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనక ఎవరో బిందె పట్టుకుని తిట్టాక కదిలాను.

ఆ సంగతి ఆయనకి చెప్పడానికి నాకు పది నెలలు పట్టింది. ఆ పది నెలల్లో ఆయన బీటు మంగల్‌కి ఇచ్చారు. ఈయనకి స్టేషన్ స్టోరులో కుర్చీ ఇచ్చారు. కర్ర పట్టుకుని వెళ్తాడు, కర్ర పట్టుకుని వస్తాడు. నిండు బండి దిగుతుంటే మాట ఆపి వింటాడు. అది పోయేదాకా నేను తలుపు చాటున నిలబడతాను. సూదులూ ఊలూ మూటకట్టి అటక మీద పడేశాను.

నవంబరులో మళ్లీ చలి మొదలైంది. ఒక ఆదివారం పొద్దున మెట్ల మీద ఎండలో కూర్చున్నాం. ఆయన మిగిలిన సగం పాదానికి కట్టు కట్టుకుంటున్నాడు. ఇక మింగలేక చెప్పేశాను.

"మావా, అది కంకర రాయి కాదు. నా ముడి."

ఆయన చెయ్యి ఆగలేదు. "తెలుసు" అన్నాడు.

"ఏటి తెలుసు?"

"రెండు వారాలయినాక బీటు కాడ కాలు కడుక్కుంటంటే నీళ్లు ఎర్రగా పోయినాయి. మన దుమ్మే అనుకున్నాను. తర్వాత రోజూ పోయినాయి. తిరగేసి సూస్తే ముడి."

"సూసి ఎందుకు సెప్పనేదు?" నా గొంతు లేచింది. లేవకూడదనుకుంటూనే లేచింది.

ఆయన కట్టు వంక చూస్తూ అన్నాడు. "సెప్తే ఇప్పేస్తావు. మళ్లీ రెండు రోజులు మాటాడవు. అంత కష్టపడి అల్లినావు. నొప్పీ నేదు గదా, అదే మానిపోద్దిలే అనుకున్నాను. ముడి ఇప్పుదామని సూసినాను. గోరుతో సూసినాను, మేకుతో సూసినాను. రానేదు. కోద్దామంటే మేజోడంతా ఊడిపోద్ది, నీకు తెలిసిపోద్ది."

నాకు ఏడుపు రాలేదు. వస్తే కొంత తేలికయ్యేది. ఒక మనిషి కాలు కుళ్లుతుంటే, నొప్పి లేదు కాబట్టి నా ముఖం ముడుచుకోవడం కంటే అదే నయం అనుకున్నాడు. అలా అనుకునేలా ఇరవై ఆరేళ్లు బతికాను నేను. ఆ కాలు తీసింది ముడి ఒక్కటే కాదు.

కట్టు పూర్తిచేసి ఆయనే అన్నాడు. "ఎడం కాలిది ఉంది గదా. తే. సలేస్తంది."

లోపలికి వెళ్లి పెట్టె అడుగు నుంచి ఎడమ కాలి మేజోడు తెచ్చాను. తొడగబోయి, ఆగి, తిరగేశాను. బొటనవేలి మొదట్లో అదే ముడి. ఆ కాలికి ఎలా తప్పిందో దేవుడికే తెలియాలి. గోటితో లాగాను. పంటితో పట్టుకున్నాను. నేర్పిన నాన్న కూడా అది విప్పలేడు. కత్తెర తెచ్చి కోశాను. కొస పట్టుకుని లాగితే వరుస తర్వాత వరుస ఊడి నా ఒళ్లో పడుతోంది. నా చేతులు ఆగలేదు.

మడమ దాకా ఊడిపోయాక తలెత్తాను. ఆయన చాపిన కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మేజోడు వైపు చూడటం లేదు, నా ముఖం వైపే చూస్తున్నాడు.

"సలేటీ నేదులే రత్నాలూ" అన్నాడు.