అయిదో స్తంభం

అయినా పునాది కింద ఇంత గొయ్యి ఉంటుందనుకోలేదు, చెయ్యి మోచేతి దాకా పోయింది, ఇంకా పోతోంది, భుజం దాకా పోయింది, వేళ్ళ చివర నీళ్ళే, ఈ మట్టినీళ్ళలో కళ్ళు ఎందుకూ పనికిరావు, పద్నాలుగేళ్ళుగా నా చూపంతా వేళ్ళలోనే ఉంది, వంతెన స్తంభాల పునాదులు తడిమి ఎక్కడ పెచ్చు ఊడిందో, ఎక్కడ ఇనుము బయటపడిందో పైకొచ్చి చెప్పడం నా వృత్తి, వంతెన సర్కారుది, ఒప్పందం పెద్ద కాంట్రాక్టరుది, మునిగేది నేను, మా బావమరిది సర్కారు వంతెనల శాఖలో గుమాస్తా, బావా, నువ్వు సర్కారు మనిషివీ కావు, కంపెనీ మనిషివీ కావు, మధ్యలో నీళ్ళ మనిషివి అని నవ్వుతాడు, నాకు బదిలీల గోల లేదులేరా అని నేనూ నవ్వేవాణ్ణి, కానీ ఇది అయిదో స్తంభం, దీన్ని నేను ఒకసారి చూశాను, కాదు, చూశానని రాశాను, ఇప్పుడు వచ్చిన గొడవంతా అదే.

మూడేళ్ళ కిందట ఇదే వంతెనకి దిగినప్పుడు నాలుగు స్తంభాలు అడుగు దాకా తడిమాను, అయిదోదాని దగ్గరకొచ్చేసరికి ప్రవాహం ఒళ్ళు గుంజేస్తోంది, చెవుల్లో పోటు, పై సగం తడిమి పైకొచ్చేశాను, రిపోర్టులో అయిదింటికీ ఒకే మాట రాశాను, పునాది బాగుంది, ఆ తర్వాతే పెద్ద కాంట్రాక్టరు ఈ జిల్లా వంతెనలు పన్నెండూ నాకే అప్పగించాడు, ఏటేటా కొత్త గుమ్మం ముందు నిలబడి నేను ఫలానా అని చెప్పుకునే అవస్థ తప్పింది, ఇల్లు మారాం, అమ్మాయిని మంచి బడిలో వేశాం, అల్లుడు కుదురుకున్నాడని అత్తగారు పదిమందికీ చెప్పుకుంది, కుదురుకున్నాను, నిజమే, ఈ ఏటి వరద తవ్విన గొయ్యే అయితే అంచులు పదునుగా ఉండాలి, ఇవి అరిగి నున్నగా ఉన్నాయి, లోపలి గోడ నిండా గుల్లలు పేరుకున్నాయి, ఇన్ని గుల్లలు ఒక్క ఏడాదిలో పట్టవు, పైన బస్సేదో పోతున్నట్టుంది, కాంక్రీటు గుండా అరచేతిలోకి సన్నటి వణుకు దిగింది, నడుముకి కట్టిన తాడు ఒకసారి కదిలింది, పడవలోంచి బాగున్నారా అని అడగడం అది, నేనూ ఒకసారి లాగాను, బాగున్నానని.

పైకొచ్చి మాస్కు తీసేసరికి పడవలో తాడు పట్టుకున్న నా భార్య పక్కన కాంట్రాక్టరు కంపెనీ సూపర్‌వైజరు ఉన్నాడు, గొయ్యి సంగతి చెప్పాను, పాత గొయ్యి అనీ చెప్పాను, అతను చప్పున అందుకున్నాడు, అన్నా, దీనికంత ఆలోచనెందుకు, మొన్నటి వరదకి పడిందని రాసెయ్, నీకూ మచ్చ ఉండదు, మాకూ ఉండదు, ఎవడు దిగి చూడొచ్చాడు, అది మాత్రం నిజం, ఎవరూ దిగరు, ఒడ్డుకి చేరగానే అతను ఫోను చెవికి పెట్టుకుని అవతలికి వెళ్ళాడు, నా భార్య తాడు చుడుతోంది, మొదట్లో తాడు పట్టే మనుషులు నిలవక తనే పట్టుకుంది, తర్వాత ఇంకొకరి చేతికి ఇవ్వనంది, మూడేళ్ళ కిందట నేను దీని అడుక్కి దిగలేదే అన్నాను, తెలుసు అంది, చేతులు ఆపకుండానే, ఎలా తెలుసు, తాడు నా చేతిలోనే ఉంది కదండీ, మిగతావాటికి తొమ్మిది మీటర్లు వదిలాను, దీనికి నాలుగు దాటలేదు, మరి అడగలేదేం, మీరే చెప్తారనుకున్నాను, ఈలోగా ఇల్లు మారాం, తర్వాత అడగబుద్ధి కాలేదు, అని తాడు చివర ముడి వేసి కింద పెట్టింది, ఇప్పుడేం రాస్తారు అని అడగలేదు, నా తడి బట్టలు పిండి మూట కట్టి, షెడ్డులో సర్కారు ఇంజనీరు మేడమ్ ఒంటిగంటకి భోజనానికి వెళ్తారు, ఈలోపే వెళ్దాం పదండి అంది.

రేకుల షెడ్డులో బల్ల మీద ఫారం పెట్టుకుని గొయ్యి పొడవు, లోతు రాశాను, పాతదని రాశాను, దాని కింద, గతసారి ఈ స్తంభాన్ని అడుగు దాకా పరిశీలించలేదు అని రాసి సంతకం పెట్టాను, నీళ్ళలో నాని వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి, మేడమ్ రెండుసార్లు చదివింది, ఇది తెలిసే రాస్తున్నారా, అవునండి, మునిగేవాళ్ళ జాబితాలోంచి మీ పేరు పోవచ్చు, తెలుసండి, తిడుతుందేమో అనుకున్నాను, తిట్టలేదు, ముందు ఫోను తీసి వంతెన మీదికి బస్సులూ లారీలూ ఎక్కనివ్వొద్దని చెప్పింది, పెట్టేసి నా వంక చూసింది, మరి మీరు చూసిన మిగతా వంతెనల సంగతేంటి, ఇంకెక్కడా ఇలా చెయ్యలేదండి అన్నాను, ముమ్మాటికీ నిజం, ఆవిడ కలం తీసి మిగతా పదకొండు వంతెనల పేర్లు కాగితం మీద రాసుకుంటోంది, వేరే మనిషిని దింపాలి అని తనలో తనే అనుకుంటోంది, నా పక్కన నిలబడ్డ నా భార్య ఆ కాగితం వైపే చూస్తోంది, పేరు మీద పేరు పడుతోంది, ప్రతిదాని అడుగూ నా వేళ్ళకి తెలుసు, ఆ సంగతి ఆవిడకి రుజువు చెయ్యడానికి నా దగ్గర నా మాట తప్ప ఏమీ లేదు, అప్పుడు అర్థమైంది, ఇన్నేళ్ళూ నాకు పని దొరికింది మునగడం వచ్చినందుకు కాదు, మునగడం చాలామందికి వచ్చు, నేను చూశానంటే ఇంకొకరు దిగి చూడక్కర్లేదు, అందుకు.